గుమ్మం ముందు చాప

రుతుజ స్టీలు గిన్నెను గుడ్డతో పట్టుకొని గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చేసరికి చాప మీద మాటలు ఆగాయి.

మధ్యాహ్నం మూడు దాటింది. ముంబై కామాటిపుర ఏడో గల్లీలో, వరుసగా ఒంటి గదులున్న ఆ చాల్ రెండో అంతస్తులో మగవాళ్లంతా పనులకు వెళ్లి, అంట్లు కడగడం అయిపోయి, ఆడవాళ్లు కాసేపు కాళ్లు చాపుకొనే వేళ అది. చాప ఎప్పుడూ తారాబాయి గుమ్మం ముందే పరుస్తారు. పప్పు మాడినా, పెరుగు తోడుకోకపోయినా, పేరంటానికి ఎంత బియ్యం నానబోయాలో తెలియకపోయినా అక్కడికే వస్తారు. చివరి గది మనాలి తన ఫోనును నీళ్ల డ్రమ్ము మీద గోడకు ఆనించి పెట్టింది. అందులో మరాఠీ వంటల ప్రోగ్రాం నడుస్తోంది.

"ఆ గాజులు చూడున్రి, మోచేతి దాంక ఉన్నయి. గాజులేస్కొని పోళీల పిండి పిసుకుతరా ఎవరన్న?" అంది పక్క గది స్వప్న.

"ఆమెనా పిసికేది? వెనక ఇంకొకతె పిసుకుతది. ఈమె నవ్వుతది, బస్," అంది తారాబాయి. అందరూ నవ్వారు. అందరూ మౌశీ, అంటే పిన్ని, అని పిలిచే, అరవై దాటిన ఆ మనిషి ఏమన్నా నవ్వడం అక్కడ అలవాటు.

రుతుజ ఆమె కోడలు. ముంబైలోనే ఇంకో పేట వర్లీ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. పుట్టింట్లో అందరూ మరాఠీలోనే మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయి తెలుగు మాటలను ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు మాట్లాడింది.

"అత్తా, నిన్న ప్రోగ్రాంల చూపెట్టిన వంకాయ. మన తీరుగ నువ్వులు ఏంచి ఏసిన. జరంత చూసి చెప్పు."

తారాబాయి చూపుడు వేలు గిన్నెలో ముంచి నాలుకకు రాసుకుంది. కళ్లు మూసుకుంది. తీర్పు చెప్పే ముందు ఆమె ఎప్పుడూ అలాగే కళ్లు మూస్తుంది. మనాలి ఫోను గొంతు తగ్గించింది.

"జ్వరమొచ్చి లేసినోళ్లకు పెట్టే కూడు లెక్కుంది," అంది తారాబాయి కళ్లు తెరిచి. "ఉప్పు లేదు, పులుపు లేదు. వర్లీల మనుషులకు నాలుకలు ఉండవానే?"

స్వప్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రుతుజ గిన్నె పట్టుకొని అలాగే నిలబడింది.

"ఇగో బాలమ్మా, ఇది తీస్కపో. మీ ఆయనకు పెట్టు. పొద్దంత ఇటికెలు మోసినోనికి ఏదైనా కమ్మగనే ఉంటది."

బాలమ్మ చాపకు అవతల, మెట్ల దగ్గర కూర్చొని చేటలో బియ్యం చెరుగుతోంది. లేచి వచ్చి గిన్నె అందుకుంది. మహబూబ్‌నగర్ పల్లె నుంచి మొగుడు ఆంజనేయులుతో కలిసి కట్టడం పనులకు వచ్చిన మనిషి ఆమె. మడమలో మేకు దిగి బరువు మోయలేకపోవడంతో నెల రోజులుగా తారాబాయి ఇంట్లో అంట్లు తోముతోంది, పిండి రుబ్బుతోంది, నీళ్లు పడుతోంది. చాల్ కింది అంతస్తులో ఒక గదిని ఇంకో రెండు కుటుంబాలతో పంచుకొని ఉంటున్నారు.

మెట్ల మలుపులో ఆగి బాలమ్మ వంకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. వెన్నలా కరిగింది. నువ్వులు సరిగ్గా వేగాయి, ఒక్క గింజ మాడలేదు. పులుపు ముందు తెలిసి, కారం వెనక వచ్చింది. ఉప్పు ఉండవలసినంత ఉంది. నిలబడే ఇంకో రెండు ముక్కలు తినేసింది.

తారాబాయి అలా ఎందుకు అన్నదో బాలమ్మకు తెలుసు. రోజూ పొద్దున కూర ఉడుకుతుండగా తారాబాయి గరిటెతో కాస్త రసం తీసి, గరిటె తగలకుండా జానెడు ఎత్తు నుంచి ఆమె అరచేతిలో పోస్తుంది. "నాకు ఉపవాసమే. ఉప్పు సరిపోయిందేమో జూడు," అంటుంది. మొదట సోమవారం ఉపవాసం. తర్వాత గురువారం. ఆ తర్వాత వారాల పేర్లు చెప్పడం మానేసింది. ఉపవాసం అన్న మనిషే గంట తర్వాత కంచం ముందు కూర్చొనేది. ఒకరోజు బాలమ్మ చేతి నుంచి ఇంగువ డబ్బా జారి గదంతా గుప్పుమంటే, పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న తారాబాయి తల ఎత్తలేదు. మొన్నటి జ్వరంతో ఆమె ముక్కూ నాలుకా రెండూ పనిచేయడం మానేశాయని బాలమ్మకు ఆ రోజే అర్థమైంది.

సాయంత్రం గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు రుతుజ ఆమె మొహంలోకి చూసింది. ఒక్క మాట కోసం చూస్తున్నట్టు ఉంది. బాలమ్మ గిన్నె అందించి మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున బాలమ్మ గది మూలనున్న మోరీలో అంట్లు తోముతోంది. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. పొయ్యికి రెండడుగుల దూరంలో తారాబాయి కత్తిపీట మీద ఉల్లిగడ్డలు తరుగుతూ, పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. బాలమ్మకు గ్యాసు వాసన తగిలింది. చేతుల నిండా బూడిద, సబ్బు. ఆమె లేచేలోపే రుతుజ కింద నల్లా నుంచి బిందె మోసుకొని లోపలికి వచ్చింది. బిందె గుమ్మంలోనే వదిలేసి, దూకినట్టు వెళ్లి గ్యాసు కట్టేసి, కిటికీ రెక్కలు తోసింది.

"ఏందే, ఏమైంది?" అంది తారాబాయి.

రుతుజ అత్త మొహాన్ని చూసింది, ఉల్లిగడ్డల ఘాటుకు కారుతున్న కళ్లను చూసింది, ఆ కళ్ల కింది ముక్కును చూసింది. తర్వాత మోరీ వైపు తిరిగింది. బాలమ్మ తల దించుకొని గిన్నె అడుగు రుద్దసాగింది.

"ఏం లేదు అత్తా," అంది రుతుజ. "పాలు పొంగినయ్."

ఆ మధ్యాహ్నం చాప మీద స్వప్న జొన్నరొట్టె సంగతి చెప్పింది. మరిగే నీళ్లు పోసి పిండి కలిపితేనే అంచులు పగలవంది. మనాలి కాకరకాయను మజ్జిగలో నానేస్తే చేదు దిగుతుందంది. మజ్జిగ కాదు, ఉప్పు పెట్టి పిండాలని తారాబాయి కొట్టిపారేసింది. అప్పుడు రుతుజ ట్రేలో చాయ్ తెచ్చింది. నాలుగు కప్పులు. అత్త కప్పు తనే తీసి చేతికిచ్చింది. మెట్ల దగ్గర పప్పు ఏరుతున్న బాలమ్మ, రుతుజ ఆ కప్పును మాత్రమే ఎందుకు ఏరి ఇచ్చిందా అనుకుంది.

తారాబాయి ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగింది. అందరి వైపు చూసి, అలవాటు ప్రకారం మూతి విరిచింది.

"చక్కెర ఎక్కువైంది. వర్లీల చక్కెర ఫుకట్‌కు వస్తదేమో."

రుతుజ నవ్వలేదు. "రేపటి సంది తక్కువ ఏస్త అత్తా," అని ఖాళీ కప్పులు తీసుకొని మోరీలో పెట్టింది. ఆ కప్పులు బాలమ్మే కడిగింది. ఒక కప్పు అడుగున తెల్లగా కరగని గింజలున్నాయి. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

తర్వాతి రోజుకు స్వప్నకు తెలిసింది, మనాలికి తెలిసింది. వాళ్ల మొహాలు చూస్తే చాలు. చాప మామూలు కంటే అరగంట ముందే పరిచారు. మనాలి మొన్నటి పప్పు తెచ్చింది. పులిసిపోయి, పైన నురగ కట్టి, మెట్ల దగ్గరున్న బాలమ్మకే వాసన కొడుతోంది.

"మౌశీ, ఇది మా అత్తగారి తీరు పప్పు. మస్తు కష్టపడి చేసిన. ఏం తక్కువైందో చెప్పు."

తారాబాయి వేలు ముంచింది. కళ్లు మూసుకుంది. మనాలి ఫోను ఈసారి డ్రమ్ము మీద లేదు, ఆమె చేతిలో ఉంది.

"ఇంగువ తక్కువైంది," అంది తారాబాయి. "ఎల్లిపాయ ఇంకో రెండు రెబ్బలు తాలింపుల పడాలె. తక్కిందంత సరిపోయింది."

స్వప్న దగ్గు వచ్చినట్టు చేసి గదిలోకి పరుగెత్తింది. రుతుజ గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని అత్తను చూస్తూ ఉంది. ఆ చూపులో నవ్వు లేదు. మనాలి ఇంకో చెంచా పట్టింది. "ఇంకొంచెం తిను మౌశీ." తారాబాయి తిన్నది.

ఆ సాయంత్రం బాలమ్మ సరుకులకు ఫోరస్ రోడ్డు దుకాణానికి వెళ్తే అక్కడ మొదటి అంతస్తు ఆడవాళ్లు ఇద్దరు ఫోనులోకి వంగి చూస్తూ పడీ పడీ నవ్వుతున్నారు. ఫోనులోంచి తారాబాయి గొంతు వినపడింది. ఇంగువ తక్కువైంది. వాళ్లు దాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఆంజనేయులుకు అన్నం పెడుతూ బాలమ్మ ఈ సంగతి చెప్పింది. "మనకెందుకే," అన్నాడతను. "నీ కాలు మానేదాంక నోరు మూస్కో."

కానీ పొద్దున తారాబాయి గరిటె ఎత్తి ఆమె అరచేతిలో పులుసు పోసి, "ఎట్లుంది?" అని అడిగినప్పుడు బాలమ్మ నోరు ఆగలేదు. రుతుజ నీళ్లకు కిందికి వెళ్లింది. గదిలో ఇద్దరే ఉన్నారు.

"అక్కా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. వాళ్లు నీకు పెట్టేటియి మంచియి కావు. మొన్న చాయ్‌ల ఉప్పేసిన్రు. నిన్నటి పప్పు పులిసింది. ఫోన్ల తీసి అందరికి చూపెడుతున్రు. ఇగ వాళ్లు ఇచ్చింది నోట్ల పెట్టకు."

తారాబాయి గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, మూత మీద పెట్టింది. మంట తగ్గించింది. గ్యాసు గుబ్బను తిప్పేటప్పుడు వంగి, మంటను కళ్లతో చూసుకుంది.

"నాకు తెలుసు," అంది.

బాలమ్మ అరచెయ్యి అలాగే చాపి ఉంచింది.

"చాయ్ తాగినంక గొంతు ఎండిపోయింది. రెండు చెంబుల నీళ్లు తాగిన. చక్కెరకు గట్ల ఎండుతదా? పప్పు నోట్ల పెడితే బుడగలు పగిలినట్టు చిటచిట అన్నది. నలభై ఏండ్ల సంది వండుతున్న. నాలుక సచ్చిపోతే బుర్ర సచ్చిపోతదా?"

"మరి ఎందుకు తిన్నవక్కా?"

తారాబాయి పులుసు కలుపుతూ ఉంది. కలపవలసిన పని లేదు.

"తినకపోతే రేపు చాప ఎవల గుమ్మం ముందర పరుస్తరే? స్వప్న గుమ్మం ముందర పరుస్తరు. నేను లోపల కూసొని వాళ్ల ముచ్చట్లు వినాలె. గిప్పుడు నవ్వుడుకన్న నా కాడికి వస్తున్రు."

బాలమ్మ అరచేతిలో పులుసు చల్లారింది. దాన్ని ఏం చేయాలో తెలియక చెయ్యి చీరకు తుడుచుకుంది.

"నువ్వు నోరు తెరవక ముందు నాకేం తెల్వనట్టే ఉండె," అంది తారాబాయి. గొంతు పెంచలేదు. "గిప్పుడు నాకు తెలుసని నీకు తెలిసింది. రోజు పొద్దుగాల నీ మొహం జూసుకుంట నేను వండలేను. రేపటి సంది రాకు."

"అక్కా, నీ మంచి కోరి చెప్పిన..."

"అందుకే రావద్దంటున్న. మోరీల గిన్నెలున్నయి. కడిగేసి పో."

బాలమ్మ గిన్నెలు కడిగింది. బోర్లించి, గుడ్డ పిండి తాడు మీద ఆరేసి వెళ్లింది. తారాబాయి ఆమె వైపు మళ్లీ చూడలేదు.

మర్నాడు ఆంజనేయులుతో పాటు బాలమ్మ కూలీలు పని కోసం కూడే నాకాకు వెళ్లి నిలబడింది. కూలీలను ఏరుకొనే ముకాదం అందరినీ చూసుకుంటూ వచ్చి ఆమె పాదం దగ్గర ఆగాడు. గుడ్డకట్టు చూశాడు. నడిచి చూపించమన్నాడు. నాలుగు అడుగులు వేసింది. అతను ఆమెను దాటి పక్కామె చేతికి తట్ట ఇచ్చాడు. పది గంటలకు ఆమె తిరిగి చాల్‌కు వచ్చేసరికి మెట్ల మీద రుతుజ నిలబడి ఉంది.

"బాలమ్మా, అత్త మానిపిచ్చిందంట కదా. నువ్వు రా. నాకు చెయ్యి. మా ఆయన అతుల్‌కు చెప్పిన, గ్యాసు సంగతి అంత చెప్పిన. అత్త పొయ్యి కాడికి పోవద్దని ఆయన కసమ్ ఏపిచ్చిండు. కిచెన్ ఇగ నాది." కొంచెం ఆగింది. "ఆ దినం వంకాయ నువ్వు తిన్నవా?"

"తిన్న."

"ఎట్లుండె?"

"మంచిగుండె," అంది బాలమ్మ. "చాన మంచిగుండె."

"మరి ఆ దినమే చెప్పొచ్చు గదా," అంది రుతుజ, మెట్లు ఎక్కుతూ.

బాలమ్మ మళ్లీ ఆ గదిలోకి వెళ్లింది. తారాబాయి మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. వచ్చింది ఎవరో చూసింది, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. పొయ్యి దగ్గర డబ్బాలన్నీ అప్పటికే చోటు మారాయి. పసుపు ఉండే చోట జీలకర్ర ఉంది. కత్తిపీట అటక మీదికి పోయింది.

"మీ దిక్కు పుంటికూర తొక్కు మంచిగ చేస్తరంట," అంది రుతుజ. "బజార్ల అంబాడి, అదే మీ పుంటికూర, దొరికింది. ఇయ్యాల అదే చెయ్యి."

ముంబై వచ్చాక బాలమ్మ తన ఇష్టప్రకారం వండింది అదే మొదటిసారి. ఆకు కడిగి, గుడ్డ మీద తడి ఆరేదాకా పరిచింది. పల్లీలు వేయించి పొట్టు ఊదింది. పచ్చిమిరపకాయలు చీల్చి నూనెలో మగ్గించి, ఆకు వేసి, నీటి చుక్క పోయకుండా దగ్గరికి వచ్చేదాకా కలిపింది. రోట్లో మొదట పల్లీలు, తర్వాత మిరప, ఎల్లిపాయ, చివర ఆకు. మెత్తగా చేయలేదు. పంటికి తగలాలి. వాసన గదంతా నిండింది. మంచం మీద మనిషి కదల్లేదు.

మధ్యాహ్నం చాప తారాబాయి గుమ్మం ముందే పరిచారు. మెట్ల వైపు నడవబోతున్న బాలమ్మను స్వప్న పిలిచింది. "అరే, అటెటు పోతున్నవ్? రా, ఇక్కడ కూసో. ఆ తొక్కు ఎట్ల చేసినవో చెప్పు."

బాలమ్మ చాప అంచున కూర్చుంది. మనాలి జరిగి ఇంకాస్త చోటు ఇచ్చింది. ఆమె చెబుతుంటే ముగ్గురూ విన్నారు. ఆకు ఎందుకు ఆరబెట్టాలని స్వప్న అడిగింది, తడి ఉంటే జిగట వస్తదని బాలమ్మ చెప్పింది. "ఆ ప్రోగ్రాం ఆమె కన్న నువ్వే నయం," అంది మనాలి. "ఆమె గ్రైండర్‌ల ఏసి తిప్పుతది." బాలమ్మకు నవ్వు వచ్చింది. వాళ్లు రొట్టె ముక్కలతో తొక్కు తిన్నారు, వేళ్లు నాకారు. మడమ నొప్పి గుర్తు రాలేదు.

అంతలో స్వప్న తన గదిలోకి వెళ్లి పిడికిలి మూసుకొని వచ్చింది. గిన్నెలో మిగిలిన తొక్కు మీద పిడికిలి విప్పింది. రాళ్ల ఉప్పు. రుతుజ చెంచాతో కలిపింది. బాలమ్మ గిన్నె వైపు చెయ్యి చాపింది, కానీ ఆ చెయ్యి ఒళ్లోకి తిరిగి వచ్చింది.

"మౌశీ, బయటికి రా! నువ్వు లేకుంటే మజా లేదు," అని కేకేసింది మనాలి.

తారాబాయి వచ్చింది. జుట్టు దువ్వుకొని, ముడి వేసుకొని వచ్చింది. తన చోట కూర్చుంది. రొట్టె ముక్క తుంచి తొక్కు అద్దుకొని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకోలేదు. ఉప్పు రాయి పంటి కింద నలిగిన చప్పుడు బాలమ్మకు వినపడింది. అంటే అది తారాబాయికీ తెలిసే ఉంటుంది.

"ఎవలు చేసిన్రు?"

"బాలమ్మ," అంది రుతుజ.

తారాబాయి నమిలింది, మింగింది. ఇంకో ముక్క తుంచింది. బాలమ్మను సూటిగా చూసింది.

"మస్తుగుంది," అంది. "నలభై ఏండ్లు వండిన. నా చేతికి ఎన్నడు గిట్ల రాలే."

చాప మీద అందరూ పగలబడి నవ్వారు. స్వప్న మనాలి భుజం మీద వాలిపోయింది. నెల రోజులు ఆ ఇంట్లో రుబ్బి, తోమి, రుచులు చెప్పిన బాలమ్మ తారాబాయి నోటి నుంచి ఒక్క మంచి మాట వినలేదు. ఇప్పుడు విన్నది. ఆ మాటతో ఆమె తనను కొట్టిందో, దగ్గరికి తీసుకుందో తెలియలేదు. అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి, మధ్యలో తన నోరూ తెరుచుకుంది. చిన్న నవ్వే. కానీ వచ్చింది.

తారాబాయి విన్నది. చేతిలోని రొట్టె ముక్కను కంచంలో పెట్టింది. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి కొంగుకు తుడుచుకొని, గోడ పట్టుకొని లేచి లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆమె బయటికి రాలేదు. మనాలి రెండుసార్లు పిలిచింది. నడుము నొప్పి అంట, అంది రుతుజ. చాప మాత్రం పరిచారు. బాలమ్మ నిన్నటి చోటే కూర్చుంది. ఫోనులో గాజుల మనిషి చేపల పులుసు పెడుతోంది. స్వప్న ఏదో అన్నది, ఎవరూ గట్టిగా నవ్వలేదు. మనాలి ఆవులించింది. అందరూ గుమ్మం వైపు చూసి, ఫోను వైపు చూసి, మళ్లీ గుమ్మం వైపు చూశారు. పావుగంటకు స్వప్న లేచి వెళ్లి గ్లాసుతో వచ్చింది. సేమియా పాయసం. పైన జీడిపప్పులు తేలుతున్నాయి.

"ఇగో బాలమ్మా. మౌశీ లేదు గదా, ఇగ నువ్వే మాకు మౌశీవి. తాగి చెప్పు."

మాటలు ఆగాయి. మనాలి డ్రమ్ము మీది ఫోనును చేతిలోకి తీసుకుంది. రుతుజ గ్యాలరీ కమ్మీ అవతల, ఎదుటి ఇంట్లో ఆరేసిన బట్టలను చూస్తోంది.

బాలమ్మ గ్లాసు అందుకుంది. గోరువెచ్చగా ఉంది. ఒక గుక్క తాగింది. అంతా ఉప్పు. నాలుక ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు ఊరాయి. ఆమె నాలుకకు ఏ జబ్బూ లేదు. మింగింది.

అందరూ చూస్తున్నారు. వాళ్ల వెనక మెట్లు ఉన్నాయి, తను మొన్నటిదాకా కూర్చున్న చోటు. మెట్ల కింద నాకా ఉంది.

"మంచిగుంది," అంది బాలమ్మ. ఇంకో గుక్క తాగింది.